నేల మీద కూర్చునే మేడమ్

టీచర్లకు పాఠం చెప్పే పద్ధతులు చూపించడానికి బెల్లంపల్లిలో మా బడికి ఒక మేడమ్ వచ్చేది. కుర్చీ వేసినా వద్దని, వెనక వరుసలో పిల్లల మధ్య నేల మీద కూర్చునేది. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్న, ఆ బడి పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండిపెట్టే వంటమనిషిని నేను. నాకది చదువుకున్నవాళ్ల పిచ్చి అనిపించేది.

ఒకరోజు కొత్త టీచరమ్మ ఏడ్చింది. "పిల్లలు నోరు విప్పుతలేరు మేడమ్. నౌకరీ ఇడిసిపెడ్త."

మేడమ్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, నన్ను బోర్డు దగ్గరికి పిలిచింది. "అవ్వా, పప్పు ఎట్ల వండుతవో చెప్పు. పిల్లలు ఏమడిగినా జవాబియ్యి."

నేను మొదలుపెట్టానో లేదో, ఎన్నడూ మాట్లాడని పిల్ల లేచింది. "గంత ఉప్పు ఎందుకేస్తవ్ అవ్వా?"

ఇక తరగతంతా ప్రశ్నలతో నా మీద పడింది.

"చూసినవా? అడగనిస్తే అడుగుతరు," అంది మేడమ్.

టీచరమ్మ నౌకరీ మానలేదు. నేను మాత్రం ఉప్పు తగ్గించాల్సి వచ్చింది.