పడని వేలిముద్ర

ఆ రోజుల్లో నాకు భయపడటం తప్ప మరే పనీ అంత బాగా వచ్చేది కాదు. డిగ్రీ అయిపోయి, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు కోసం పీజీ ఎంట్రన్స్‌కి చదువుతున్న వేసవి అది. ఈసారి సీటు రాకపోతే మా వీధి చివరి ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాల్సిందేనని మా అబ్బా (నాన్నని మేం అలాగే పిలుస్తాం) నెమ్మదిగా చెప్పారు. ఆయన నెమ్మదిగా చెప్పినవే జరుగుతాయి కాబట్టి నాకు అన్నం సహించేది కాదు. ఏలూరులో మా ఇంట్లో భయానికి ఒకటే మందు. మా దాదీ, అంటే నాన్నమ్మ, తివాచీ మగ్గం ముందు కూర్చోబెట్టి ఉన్ని ముడులు వేయించేది. "కూర్చోమ్మా, నాలుగు వరసలు వేసేసరికి అదే తగ్గిపోద్ది" అనేది. నా భయం నాలుగు వరసలకి లొంగే రకం కాదు. పుస్తకం తెరవడం, చదివింది గుర్తురాక వణకడం, మగ్గం దగ్గరికి పరిగెత్తడం, ఇదే వరస. నెల తిరిగేసరికి తివాచీ సగం పైనే అయింది గానీ సిలబస్ ఎక్కడిదక్కడే ఉంది.

పరీక్ష తాడేపల్లిగూడెంలో. లోపలికి వెళ్లేముందు వేలిముద్రలు తీసుకునే ఆయన నా బొటనవేలు మిషను మీద పెట్టమన్నారు. ఎర్ర లైటు వెలిగింది. తుడిచి పెట్టినా అదే లైటు. పదివేళ్లూ పెట్టించి, నా చెయ్యి తిప్పి చూసి, "ఇలా అరిగిపోయాయేంటమ్మా వేళ్లు?" అన్నారు. తివాచీ ముడులు వేశానని చెప్పాను. పరీక్ష పెట్టుకుని ఆ పనెందుకని అడిగితే, భయమేసి వేశానన్నాను (అబద్ధం చెప్పే ధైర్యం కూడా లేదు). గేటు మూయడానికి పది నిమిషాలే ఉంది. వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటున్నారు. ఒకటో క్లాసు పిల్లలకి ఎక్కాలు చెబుతున్న నా గొంతు నాకే వినిపించింది.

చివరికి సెంటరు చూసే మేడంగారు వచ్చి తెల్లకాగితం ఇచ్చి, హాల్‌టికెట్టులో ఉన్న అమ్మాయిని నేనేనని రాసి సంతకం పెట్టమన్నారు. కంగారులో ఆ సంతకం ఎవరిదోలా వచ్చింది. ఆవిడ దాన్నీ హాల్‌టికెట్టు మీది సంతకాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంటే, నేనెవరో నాకే అనుమానం వచ్చింది.

"నువ్వేనా అమ్మా?" అన్నారు.

"నేనేనండీ" అన్నాను, ఏడుస్తూనే, గేటు బయట ఉన్న అబ్బాకి కూడా వినపడేంత గట్టిగా. లోపలికి పంపించారు.

సీటు వచ్చింది, చివరి విడతలో. ఇప్పుడు ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది. ఆ తర్వాత ఇంటర్వ్యూల్లో, మీటింగుల్లో, అత్తవారింట్లో నేనెవరో చాలాసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది. అంత గట్టిగా మాత్రం మళ్లీ ఎక్కడా చెప్పలేకపోయాను.