ఎట్లొచ్చిందో చెప్పు

పగ లేకపోతే నాకు ఎమ్మెస్సీ సీటే లేదు.

జమ్మికుంటలో మాది బట్టల దుకాణం. యూనివర్సిటీలో గణితం సీటుకు ఇంటర్వ్యూ ఉంటుందని, కరీంనగర్‌లో మా డిగ్రీ లెక్చరర్ ముందుగా మాకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టాడు. నా వంతు రాగానే బోర్డు మీద జవాబొక్కటే రాసి చేతులు కట్టుకున్నాను.

"ఎట్లొచ్చింది?" అన్నాడు.

నవ్వి ఊరుకున్నాను. దుకాణంలో పెరిగిన బుద్ధి మరి. రేటు చెప్తాం, మాకెంతకు పడిందో ప్రాణం పోయినా చెప్పం.

"సేటు బిడ్డవు, పొయ్యి గల్లా కాడ కూసో. గణితం నీతోని కాదు."

క్లాసంతా నవ్వింది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. ఆ సీటు తెచ్చి ఆయన ముఖాన కొట్టాలని మాత్రం అక్కడే తీర్మానించుకున్నాను.

మధ్యాహ్నాలు దుకాణంలో నన్ను కన్న అవ్వను ఎదుట కూర్చోబెట్టుకుని లెక్కలు పైకి చెప్పడం మొదలుపెట్టాను. అవ్వకు గణితం రాదు. రోజూ మమ్మల్ని సతాయించే గిరాకీల వేషం కట్టింది.

"గదెందుకే? గట్లనే ఎందుకైతది?"

చీరలు మడతపెడుతున్న బాపు హడలిపోయాడు. "లోపలి ముచ్చటంత గట్ల బయటపెడ్తే దుకాణం నడుస్తదా బిడ్డా?"

"గిది దుకాణం కాదు బాపూ."

"మరి మీ అవ్వతోని గంతగనం బేరమెందుకు?"

ఇంటర్వ్యూలో ముగ్గురు ప్రొఫెసర్లు. విందుకొచ్చినవాళ్లు కొందరు కొందరితో చేతులు కలిపారట. వాళ్లలో ఒకరు ఎంతమందితో కలిపారో సరిగ్గా అంతమందితోనే కలిపినవాళ్లు ఇంకొకరైనా తప్పక ఉంటారని చూపించమన్నారు. నోరు మూసుకోబోయాను. లెక్చరర్ ముఖం కళ్ల ముందుకొచ్చింది.

"ముందు ముగ్గురితోని చేసి చూడనా సార్?" అని బేరం పెట్టాను.

ఒప్పుకున్నారు. తప్పిన చోట తప్పిందని చెప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఎవరితోనూ కలపనివాడు ఒకడుంటే, అందరితో కలిపినవాడు ఉండలేడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక మిగతాది దానంతటదే వచ్చింది: మనుషుల కన్నా అంకెలు ఒకటి తక్కువ, ఇద్దరికి ఒకే అంకె పడక తప్పదు.

సీటొచ్చింది. మా లెక్చరర్ కుళ్లుకుంటుంటే చూద్దామని స్వీటు డబ్బాతో కాలేజీకి వెళ్లాను. ఆయన నన్ను జూనియర్ల ముందు నిలబెట్టి భుజం తట్టాడు.

"నేను తిట్టిన గాబట్టే గీ పిల్లకు పట్టుదలొచ్చింది. నేను తయారుచేసిన పిల్ల!"

నా పగను కూడా ఆయన తన ఖాతాలో వేసుకున్నాడు. పైగా అందులో కొంత నిజముండటం నాకు మరీ మంటగా ఉంది.

"మా అవ్వ తయారుచేసింది సార్," అన్నాను, వెనక బెంచీకి వినబడేలా.

డబ్బా కోసం ఆయన చెయ్యి చాపాడు. నేను జూనియర్ల వైపు తిరిగి ఒక్కొక్కరికి రెండేసి పంచాను. ఆయన దాకా వచ్చేసరికి డబ్బా ఖాళీ అయ్యేలా చూసుకున్నాను.