సమాధుల సున్నం

తోమాసు మావయ్య నాకు చుట్టం కాదు. గుడివాడ నుంచి బదిలీ మీద దివిసీమ చివరి ఊరికి టీచరుగా వచ్చినప్పుడు నాకు అద్దెకు దొరికిన ఇల్లు వాళ్ల పక్కది, అంతే. వచ్చిన వారానికే ఆయన భార్య ఆనందమ్మ చేపల పులుసు గిన్నె తెచ్చి పిట్టగోడ మీద పెట్టి, "టీచరమ్మా, మీరు తింటారో తినరో నాకు తెలీదు, నేను మాత్రం పెట్టేశాను" అంది. ఆ పూట నుంచి ఆమె అత్త, ఆయన మావయ్య.

మావయ్యది గుల్ల సున్నం పని. ఊరికి తూర్పున ఉప్పుటేరు. పాటుకి నీళ్లు దిగితే గట్టు అంచున ఒకదాని మీద ఒకటి పేరుకున్న ఆలిచిప్పలు బయటపడేవి. వాటిని గునపంతో పెళ్లగించి, తట్టలకెత్తి, ఇంటి వెనక బట్టీలో కాల్చేవాడు. ఏటి అడుగున చచ్చి పడున్న గుల్ల కావలసినంత దొరుకుతుంది. కానీ దాని సున్నం మాసినట్టుంటుందని ఆయనకు చిన్నచూపు. "తెలుపంటే బతికున్న చిప్పదేనండీ" అనేవాడు. అత్త ఆ సున్నాన్ని పాత చీరలో వడగట్టేది. పగిలిన చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ, "ఈయన తెలుపు పిచ్చికి నా చేతులు పోయాయి" అని ఆయనకు వినబడేలాగే అనేది.

అందులో మంచి సున్నం అమ్మకానికి కాదు. ఈస్టరు ముందు శనివారం ఊళ్లో క్రైస్తవులంతా తమవాళ్ల సమాధులకు సున్నం వేసుకుంటారు. మర్నాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు వెలిగించి అక్కడే ఆరాధన చేస్తారు. ఆ సమాధుల దొడ్డి ఏటి గట్టు మీదే, మడచెట్ల వెనక. నలభై ఏళ్లపాటు అక్కడి ప్రతి సమాధికీ మావయ్య సున్నమే. ఊరికే ఇచ్చేవాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయనకు గర్వం ఉండేది, దాచుకునేవాడూ కాదు.

అత్త పోయి ఎనిమిదేళ్లయింది. ఏటివైపు రెండో వరసలో పెట్టారు. పైన సిమెంటు పలక మావయ్యే పోసి, పచ్చిగా ఉండగానే మేకుతో "ఆనందమ్మ, ప్రభువునందు నిద్రించెను" అని రాశాడు. పక్కన తనకోసం చోటు వదలమని సంఘ పెద్దల దగ్గర మాట తీసుకున్నాడు.

ఆ తర్వాత గట్టు కోసుకుపోవడం మొదలైంది. ముందు మడచెట్లు వేళ్లతో సహా ఒరిగాయి. తర్వాత మొదటి వరసలో మూడు సమాధులు జారిపోయాయి. ఊరంతా సముద్రాన్ని తిట్టింది, రొయ్యల చెరువులవాళ్లని తిట్టింది. నేను అందరికంటే గట్టిగా తిట్టాను. మచిలీపట్నం నుంచి మడ మొక్కలు నాటించే సంస్థ తరఫున అనూష అనే అమ్మాయి వచ్చింది. మోకాలి లోతు బురదలో దిగి చూసి, చాలా మామూలుగా చెప్పింది. "ఇక్కడ ఆలిచిప్పల దిబ్బ ఉండేదట కదండీ. అల దెబ్బ గట్టుకి తగలకుండా ఆపింది అదే. ఎవరో మొత్తం తవ్వేశారు."

మావయ్య మా పక్కనే ఉన్నాడు. "నేనేనమ్మా" అన్నాడు.

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. మావయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు బట్టీ పగలగొట్టాడు.

అనూష చెప్పిన పద్ధతి వినడానికి తేలికే. ఖాళీ గుల్లలు వల సంచుల్లో నింపి, గట్టు వార గుంజలకు కట్టి పేర్చాలి. నీళ్లలో తిరిగే చిప్ప పిల్లలు గట్టి గుల్ల దొరికితే అతుక్కుంటాయి, పెరిగి మళ్లీ దిబ్బవుతాయి. దాని చాటున మడ మొక్కలు నిలుస్తాయి. కాల్చకుండా మిగిలిన గుల్ల గుట్టంతా మావయ్య తట్టలతో వెనక్కి ఏటికి మోశాడు. డెబ్భై ఏళ్ల మనిషి. చూడలేక నేనూ రెండు తట్టలు మోసి నడుం పట్టుకుని కూర్చుంటే నవ్వాడు. అత్త పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

మొదటి ఏడు బురద కప్పేసింది. రెండో ఏడు చిప్ప పిల్లలు పట్టాయి. మావయ్య ఒక గుల్ల తెచ్చి బడిలో నా బల్ల మీద పెట్టి, "ఎన్నున్నాయో మీరే చూడండి టీచరమ్మా" అన్నాడు. పదకొండు ఉన్నాయి. ఆ ఏడే కృష్ణకు పెద్ద వరదొచ్చింది. మంచినీళ్లు ఏట్లో రోజుల తరబడి నిలిస్తే ఉప్పునీటి ప్రాణులు ఎలా బతుకుతాయి? అన్నీ నోళ్లు తెరిచి చచ్చాయి. ఆయన మళ్లీ సంచులు కుట్టుకున్నాడు.

నిరుడు వేసవిలో పాస్టరుగారు ఊరి లోపల కొత్త స్థలం చూపించి, ఏటివైపు సమాధులు తవ్వి ఎముకలు అక్కడికి మార్చుకోమన్నారు. అందరూ మార్చుకున్నారు. మావయ్య కూతురు ప్రీతి విజయవాడ నుంచి వచ్చి బతిమాలింది. "అమ్మని లోపలికి తెచ్చుకుందాం నాన్నా."

"గట్టు తీసింది నేను, నిలబెట్టాల్సిందీ నేనే. నా తప్పుకి మీ అమ్మని లేపి చోటు మారమంటానా?"

ప్రీతి నావైపు చూసింది, నేను చెబితే వింటాడని. అప్పటికి మళ్లీ చిప్పలు పట్టాయి, మడ మొక్కలు నడుం దాకా లేచాయి. "ఈసారి నిలుస్తుంది ప్రీతీ, ఇంకొక్క ఏడు చూద్దాం" అన్నాను. తెలిసి చెప్పిన మాట కాదది. ఆయన మొహం చూడలేక చెప్పాను. ఇప్పటికీ నా నోటిని నేనే తిట్టుకుంటాను.

అక్టోబరులో తుఫాను వచ్చింది. నాలుగో రోజు ఏటి దగ్గరికి వెళితే సంచులు లేవు, గుంజలు లేవు, రెండో వరస లేదు. అత్త ఉన్నచోట, ఆయన తనకోసం ఉంచుకున్నచోట, ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. మావయ్య ఏడవలేదు. నేనే ఏడ్చాను.

"మీరేం చేశారు టీచరమ్మా, గునపం పట్టింది మీరు కాదుగా" అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఈ ఏడు ఈస్టరు ముందు శనివారం ఊరంతా కొత్త దొడ్డిలో, కొట్లో కొన్న సున్నం వేసుకుంటోంది. ప్రీతి కూడా వచ్చింది. మధ్యాహ్నం పాటు బాగా దిగాక, వలకెళ్లిన సూరయ్య పరుగెత్తుకొచ్చి అత్త పలక బయటపడిందని చెప్పాడు. అందరం వెళ్లాం. గట్టుకి ఇరవై అడుగుల దూరంలో పలక ఏటవాలుగా బురదలో దిగబడి ఉంది. ప్రీతి చెప్పులతోనే దిగింది.

"తాడు వేసి లాగుదాం సూరయ్య బాబాయ్. కనీసం అమ్మ పేరైనా కొత్త దొడ్డిలో పెట్టుకుంటాం."

నేను పేరు మీది బురద తుడవబోయాను. చేతికి గరుకుగా తగిలింది. మేకుతో గీసిన అక్షరాల్లో, వాటి అంచులమ్మట, గోరంత ఆలిచిప్పలు మూతులు గట్టిగా మూసుకుని పట్టుకుని ఉన్నాయి. మావయ్య వంగి చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని పక్కకు తీశాడు.

"తుడవకండి టీచరమ్మా. తాడు వద్దు సూరయ్యా. పైకి తీస్తే చచ్చిపోతాయి."

"నాన్నా, అది అమ్మ సమాధి!"

"అవునమ్మా. నేను కట్టినవాటిలో ఒక్కటీ నిలవలేదు. మీ అమ్మ దగ్గర నిలిచాయి." అప్పుడు ఏడ్చాడు, బురదలో నిలబడి, మాకెవరికీ దగ్గరకెళ్లే ధైర్యం లేనంతగా.

మర్నాడు తెల్లవారకముందే ఊరు కొత్త దొడ్డిలో కొవ్వొత్తులు వెలిగించింది. మావయ్య పాత గట్టు మీద ఒకటి వెలిగించుకుని కూర్చున్నాడు. అప్పటికి పోటెక్కి పలక మునిగిపోయింది. నలభై ఏళ్లు ఊరందరి సమాధులకూ సున్నం ఇచ్చిన మనిషి భార్యకి ఈ ఏడు సున్నం పడలేదు.