కార్డు మరిచిన అమ్మ

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కి చివరి సీట్లో కూర్చున్నాను. పక్కనున్నామె కొంగు ముఖానికి కప్పుకొని, ముందు సీట్లోని అమ్మాయినే చూస్తోంది.

"నా బిడ్డ," అంది గుసగుసగా. "నేనొచ్చిన అని తెల్వదు. స్పెషల్ స్కూల్ల చదువు అయిపోయింది. ఇయ్యాల్టి సంది ఎల్లారెడ్డిల విస్తర్లు కుట్టే పని. ఒక్కదాన్నే పంపు, ఎనక పోకని స్కూలు సారు మరీమరీ చెప్పిండు. కాళ్లు ఆగలేదక్కా."

కండక్టర్ ఆ అమ్మాయి దగ్గర ఆగాడు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. అమ్మాయి సంచిలో చెయ్యి పెట్టింది. ఎంతకీ కార్డు బయటికి రాదు! తల్లి సగం లేచింది. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

కార్డు వచ్చింది. "ఎల్లారెడ్డి!" అంది అమ్మాయి, బస్సంతా వినబడేలా. టికెట్ చేతిలో పడింది. మేమిద్దరం చప్పుడు కాకుండా పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

కండక్టర్ మా దగ్గరికొచ్చాడు. "అమ్మా, నీ కార్డేది?"

ఆమె తెల్లబోయింది. పొద్దున్నుంచి బిడ్డ కార్డునే పదిసార్లు చూసుకుంది. తనది ఇంట్లోనే ఉండిపోయింది.

"అయ్యో, మర్శిపోయిన సార్!"

ఆ గొంతుకు అమ్మాయి గిర్రున వెనక్కి తిరిగింది. "అమ్మా! కార్డు లేకుంట బస్సెందుకు ఎక్కినవ్? రేపటి సంది ఇంటికాడనే ఉండు!"

బస్సంతా నవ్వింది. తల్లి పైసలిచ్చి టికెట్ తీసుకుంది. ఎల్లారెడ్డిలో దిగాక అందరూ టికెట్లు పారేశారు. ఆమె మాత్రం తనది నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుంది.