పన్నెండేళ్ళ చెరువు నీళ్ళు

ఉప్పలగుప్తంలో బుచ్చిరాజుగారి నీటి పరీక్షల ల్యాబ్‌లో శారోన్ చేరింది సీసాలు కడగడానికి. రొయ్యల రైతులు తెల్లారేసరికి తమ చెరువుల నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి వరసలో పెట్టేవారు. పరీక్షలయ్యాక వాటిని కడిగి బోర్లించడం ఆమె పని. ఇంటర్‌లో సైన్సు చదివిన మనిషి కావడంతో చేతులు కడుగుతున్నా కళ్ళు మాత్రం పక్క బల్ల మీదే ఉండేవి. రెండేళ్ళకి కెమిస్టు మస్కట్ వెళ్ళిపోయాడు. కొత్తవాడు దొరికేదాకా అని ఆ బల్ల ముందు కూర్చున్న శారోన్ మరి లేవలేదు.

అక్కడున్న కంప్యూటరులో ఒక్కో చెరువుకి ఒక్కో పేజీ తెరిచింది. ఉప్పదనం, అమ్మోనియా, ఆక్సిజను, అన్నీ తేదీల వారీగా ఎక్కించింది. ఫార్ములాలు పుస్తకం చూసి తనే రాసుకుంది. అమ్మోనియా హద్దు దాటితే ఆ గడి ఎర్రబడేది. పన్నెండేళ్ళు తిరిగేసరికి నాలుగొందల చెరువుల మంచీ చెడ్డా అందులో చేరింది.

మొన్న మే నెలలో ఒకరోజు తెర పైన పసుప్పచ్చ పట్టీ కనబడింది. అక్టోబరు పద్నాలుగు తర్వాత ఆ పాత ఆఫీసు సాఫ్ట్‌వేరుకి కంపెనీ సపోర్టు ఆపేస్తోందట. శారోన్ అది రెండుసార్లు చదివి, రాజుగారి దగ్గరికి వెళ్ళింది.

"ఆ రోజుతో ఆగిపోద్దా?" అని అడిగేరాయన.

"ఆగదండీ. కానీ ఆ తర్వాత దానికి జబ్బు చేస్తే మందిచ్చేవాళ్ళు ఉండరండి."

"జబ్బు చేసినప్పుడు చూద్దాంలే శారోనమ్మా."

"చెరువుకి వైరస్ తగిలేక చూద్దామని మీరెప్పుడన్నా రైతుకి చెప్పేరా అండీ?"

రాజుగారు పకపకా నవ్వేశారు. ఆ వారమే, రొయ్యలు కొనే ఎగుమతి కంపెనీ నుంచీ ఉత్తరం వచ్చింది. సపోర్టు లేని కంప్యూటర్లలో తయారైన రిపోర్టులు అక్టోబరు తర్వాత తీసుకోబోమనీ, పాత రికార్డు కూడా తనిఖీ చేస్తామనీ అందులో ఉంది. ఆయన కొత్త కంప్యూటరు కొని, కాకినాడ నుంచి వినయ్ అనే కంప్యూటరు కుర్రాణ్ణి పిలిపించారు.

వినయ్ పాత ఫైళ్ళన్నీ తిరగేసి పెదవి విరిచాడు. "ఇదంతా మోయడం దండగ మేడం. పాతది వదిలేసి ఫ్రెష్‌గా మొదలెడదాం."

రాజుగారు సరేనన్నట్టే తలాడించారు. శారోన్ మాత్రం లేచి నిలబడింది. "ఏ చెరువు ఏ నెలలో మొరాయిస్తదో అందులోనే ఉందండి. అది లేకపోతే రేపు రైతుకి నేనేం చెప్తానండీ? సెప్టెంబరాఖరు దాకా నాకు గడువివ్వండి."

"ఆయ్, అలాగే కానీ," అన్నారు రాజుగారు.

ముందు ఫైళ్ళన్నిటికీ రెండేసి నకళ్ళు తీయించి, ఒకటి బీరువాలోనూ ఒకటి రాజుగారి ఇంట్లోనూ పెట్టించింది. అన్నీ ఒక్కసారే కదపనివ్వలేదు. పది చెరువులతో మొదలెట్టమంది. వినయ్ కొత్త కంప్యూటరులోకి ఎక్కించి, "అయిపోయిందండీ," అని బ్యాగు సర్దుకోబోయాడు. శారోన్ అందులో రైతు గణపతిగారి మూడో చెరువు పేజీ తెరిచింది. 2019 మార్చి ఏడున ఒక ఎర్ర గడి ఉంది.

"ఇది తప్పండీ."

"మెషీను తప్పు చెప్పదు మేడం."

"ఆ మార్చిలో చెరువు ఎండగట్టేరండీ. కట్ట మీద నిలబడి నా కళ్ళతో చూసేను, అడుగంతా బీటలే. నీళ్ళే లేని చెరువులో అమ్మోనియా ఎక్కడిదండీ?"

వినయ్ బ్యాగు కింద పెట్టాడు. పాత రిజిస్టరు తీసి చూస్తే అది జూలై మూడు. కొత్త కంప్యూటరులో తేదీలు అమెరికా పద్ధతిలో ఉన్నాయి, నెల ముందూ రోజు వెనకా. ప్రతి నెలా పన్నెండో తారీఖు లోపలివన్నీ తిరగబడిపోయాయి. అతను సెట్టింగు మార్చి మళ్ళీ మొదటినుంచీ ఎక్కించాడు. ఈసారి శారోన్ రిజిస్టరు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ సరిచూసింది. పదీ కుదిరాక వందకీ, ఆ తర్వాత మిగతావాటికీ చేయి వేశారు. ఆగస్టు వచ్చేసరికి వినయ్ "మేడం" మానేసి, "శారోన్‌గారూ, ఒకసారి మీరు చూస్తారా?" అని అడగడం మొదలెట్టాడు.

సెప్టెంబరు ఇరవైకే పని పూర్తయింది. అక్టోబరు పదహారున ఎగుమతి కంపెనీ తరఫున పద్మశ్రీగారనే ఆవిడ తనిఖీకి వచ్చారు. కంప్యూటరంతా పరీక్షించి, వేలికందిన ఒక చెరువు పేరు చూపించి, "దీని రికార్డు ఐదేళ్ళది ఉంటే చూపించండి," అన్నారు.

"ఐదేళ్ళు చాలా అండీ?" అంది శారోన్. "పన్నెండున్నాయి."

తెర మీద ఆ చెరువు పన్నెండేళ్ళ లెక్కా నిలువునా దిగింది. పద్మశ్రీగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చదివారు. "ఈ చుట్టుపక్కల ఏడు ల్యాబులు చూశాను రాజుగారూ. పాత రికార్డు చెక్కుచెదరకుండా ఉన్నది మీ దగ్గరొక్క చోటే," అన్నారు.

రాజుగారు ఛాతీ పొంగించి, "నాదేం లేదండీ. మా శారోనమ్మ చేసింది," అన్నారు. ఆ మర్నాటి నుంచి రిపోర్టుల అడుగున 'శారోన్, ల్యాబ్ ఇన్‌చార్జి' అని అచ్చయింది. మొదటి కాగితం మీద ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టింది. రెండోదాని మీద గబగబా పెట్టేసింది.

నెల తిరక్కుండా మలికిపురం ల్యాబువాళ్ళు కారు పంపారు, తమ పాత ఫైళ్ళనీ ఒడ్డున పడేయమని. శారోన్ ముందు సీట్లో కూర్చుని వెళ్ళింది. అక్కడ ఆమెకి కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, "నా పక్కన ఇంకో కుర్చీ వేయించండి," అంది. "మీ చెరువులన్నీ ఎరిగిన మనిషొకరు అందులో కూర్చోవాలండీ. అప్పుడు మొదలెడదాం."