కండెలు అక్కరలేని మిషన్

నా చిన్నప్పుడు మేముండే లింబాయత్ గల్లీల మగ్గాల చప్పుడు ఆగితేనే మాకు మెలకువ అయ్యేది. మా బాపు ఒక కార్ఖానల మాస్టరు, అంటే మగ్గాలు చెడిపోతే బాగుచేసేటాయన. పక్కింటి పెద్దమ్మ అదే కార్ఖానల ఇంకో ముగ్గురు ఆడోళ్లతోని కూసొని, మగ్గంల అటిటు ఉరికే నాడెలల్ల పెట్టే దారం కండెలు చుట్టేది. పెనిమిటి పోయినామె. ఆ కండెల మీదనే ఆమె ఇల్లు నడిచేది.

ఒకనాడు సేటు కొత్త మిషన్లు తెప్పిచ్చిండు. వాటికి నాడె లేదు, కండె లేదు, దారం పెద్ద కోను నుంచే సీదా బట్టలకు పోతది. పని నేర్వమని మా బాపును నెల రోజులు బయటికి తోలిండు. వాపసొచ్చి బాపు మిషన్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడితే, నేను సంబురపడుకుంట పెద్దమ్మ దగ్గరికి ఉరికిన. "పెద్దమ్మా, ఇగ నీకు కండెలు చుట్టే తిప్పలే లేదు!" అన్న. ఏం తెలివో నాది! ఆమె చెయ్యి ఆగిపోయింది. "అట్లనా బిడ్డా" అన్నది. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. వాళ్లకు ఆ మాట అప్పటిదాక ఎవ్వరూ చెప్పనే లేదు.

రాత్రి అన్నం కాడ ఈ సంగతి చెప్తే బాపు నన్ను తిడతడనుకున్న. తిట్టలే. సగం అన్నంల చెయ్యి కడుక్కొని, "మిషన్ల మోజుల పడి వాళ్లను మరిచిపోయిన్నే" అని అమ్మతోని అన్నడు. తెల్లారి నేను టిఫిన్ డబ్బా ఇయ్యబోతే, బాపు సేటు ముందల నిలబడి ఉన్నడు. ఆ నలుగురికి అతుకు పని నేర్పుతనంటున్నడు. మగ్గానికి నిలువు దారాలిచ్చే బీము అయిపోతే కొత్త బీము దారాలను పాతవాటికి ఒక్కొక్కటే మెలేసి కలపాలె. కొత్త మిషన్లు జల్ది నేస్తయి గనుక ఆ పని పెరిగింది. నేర్చేదాక ఉత్త జీతం ఎవరిస్తరని సేటు కోపానికొచ్చిండు. "నేను నేర్వనీకి నెల ఇచ్చిన్రు గద సేట్, గా ఆడోళ్లకు ఇయ్యరా?" అన్నడు మా బాపు. నోట్లె నాలుక లేని మనిషి ఆయన.

సేటు ఒక్కరికే ఒప్పుకున్నడు. పెనిమిటి లేడని బాపు పెద్దమ్మ పేరు చెప్పిండు. మిగిలిన ముగ్గురు అదే వారంల పోయిన్రు. ఒకామె కోసాడ్ దిక్కు పోయిందన్నరు, ఇద్దరి పత్తా ఇయ్యాల్టికీ నాకు తెల్వదు. పెద్దమ్మకు పని దొరికిందని నేను ఎగిరితే, బాపు మాత్రం నవ్వలే. "మిషన్ రాకముందు అడిగుంటే నలుగురికీ దొరుకునో ఏమో బిడ్డా. నేను వచ్చినంక అడిగిన" అన్నడు.

ఇప్పుడు నాకు మనుమలున్నరు. మా కొడుకు కామ్‌రేజ్‌ల చిన్న కార్ఖాన నడుపుతడు, కాయిదాలన్నీ నా పేరు మీదనే. బట్టల తప్పులను కెమెరాతోని పట్టే మిషన్ తెస్తనంటున్నడు. తేనీ, వద్దనను. పొద్దంత కండ్లు గుంజంగ బట్ట చూసుడు ఏం సుఖం? గాని ఆ బట్ట చూసే బల్ల కాడ ఇద్దరు ఆడపిల్లలు బతుకుతున్నరు. వాళ్ల సంగతేందిరా అంటే, "మిషన్ రానీ అమ్మా, తర్వాత చూద్దాం" అంటడు. నాకు ఒళ్లు మండింది. మిషన్ కొననీకి నేను సంతకం పెట్టే కాయిదం వారం నుంచి నా దిండు కిందనే ఉంది. ముందు పోయి ఆ పిల్లలకు చెప్పు, ఏం పని నేరుస్తరో వాళ్లనే అడుగు, అప్పుడు పెన్ను పట్టుకొని రా అన్న.