మేకల కొట్టంలో ఇటలీ కారు

మా నాయన దగ్గర రెండు పాత కార్లుండేవి. రెండూ ఇటలీ నమూనావే, ఒకే కడుపున పుట్టినవే. పెద్దదాని ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి. తర్వాత వచ్చిన చిన్నదాని తలుపులు అన్ని కార్ల తలుపుల్లాగే ఉండేవి. పొదిలి నుంచి గిద్దలూరు దాకా నాయన వీటినే బాడుగకు తిప్పాడు. చిన్నదానికి డీజిల్ ఇంజను వేయించి, సీట్లు మార్పించి, కొత్త అల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకున్నాడు. పెద్దది మాత్రం ఆగిపోయిన రోజే మేకల కొట్టంలో చేరింది.

కొనకనమిట్ల దగ్గర మా బత్తాయి తోటకు ఆ వేసవిలో ఆఖరి బోరు కూడా ఎండిపోయింది. వారానికో ట్యాంకరు తెప్పించి చెట్టుకిన్ని బిందెలని పోసేవాళ్లం. అయినా ఆకులు ముడుచుకుపోతున్నాయి. కొత్త బోరు వేయాలంటే అమ్మడానికి ఆ కార్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఫొటోలు తీసి అమ్మకానికని ఫోన్లో పెట్టాను.

హైదరాబాదులో పాత కార్లు సేకరించే ఒకాయన ఫోన్ చేశాడు. చిన్నది వద్దన్నాడు, దాని ఒంట్లో దాని సొంతమంటూ ఏముందమ్మా అన్నాడు. పెద్దదాని కోసం ఆదివారం వస్తాను, ఉన్నదున్నట్టు ఉంచండి అన్నాడు. సామాను ఏదీ ఊడదీసి అమ్మొద్దంటున్నాడని నేను అనుకున్నాను. కానీ తుప్పుతో, మేకల కంపుతో పెద్దమనిషికి ఎలా చూపిస్తాం?

నాయనకు మోకాళ్లు వంగవు, పనంతా నాదే. మేకల్ని బయటికి తోలి కారును మూడుసార్లు కడిగాను. పాత బూడిద రంగును ఉప్పుకాగితంతో గీకేశాను. ఇంజను మీద తుప్పు వదలకపోతే మార్కాపురంలో వెల్డింగ్ షాపు నుంచి గ్రైండరు తెచ్చి పట్టాను. రెండు పూతలు ఎర్ర రంగు వేశాను. చిన్నదాని పక్కన నిలబెడితే దానికంటే ఇదే మెరిసింది. నాకెంత గర్వమో.

ఆయన వచ్చి దూరం నుంచే చూసి ఆగిపోయాడు. తర్వాత బానెట్ ఎత్తి ఇంజను పక్కన వేలితో తడిమాడు. అక్కడ చెక్కిన నంబరు ఉండాలట. పుట్టినప్పటి ఇంజను ఇదేనని చెప్పే గుర్తు అదొక్కటేనట. అక్కడ నున్నగా ఉంది. ఫొటోలో చూసిన కారు ఇది కాదమ్మా అని మెల్లగా అన్నాడు. ఆయన చేతులు పట్టుకున్నాను. తోట సంగతి చెప్పి ఏడ్చాను. సిగ్గు విడిచి ఆయన కారుకు అడ్డం నిలబడ్డాను. ఇచ్చిన మజ్జిగ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆయన్ను తిట్టుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఒళ్లు మండితే నా మీద నాకే మండాలి.

నాయన వచ్చి ఎర్ర తలుపు మీద చెయ్యి పెట్టాడు.

"దీన్ని కడగనీకి యాడి నీళ్లు తెచ్చినావమ్మా?" అన్నాడు.

"ట్యాంకరువే నాయనా."

తల ఊపి తోటవైపు వెళ్లాడు. ఆ వారం నేను రెండు వరసల చెట్లకు నీళ్లు పోయలేదని ఆయనకు అప్పుడే తెలిసింది. వానలు వచ్చేలోపు తోటంతా ఎండిపోతే చెట్లు కొట్టించేశాం. ముందు ఎండింది ఆ రెండు వరసలే.